పోలమ్మ పేరు చెప్పి అమ్మిన వైనం

ఒక మనిషి పరువును పట్టపగలు, చేతులు ఊపుకుంటూ, ఫోనుకెదురుగా ముంచడం ఎలాగో తెలుసుకోవాలని ఉంటే నా దగ్గరికి రండి. నేను ఆ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి గొప్పకి పోయి చేశాను. రెండోసారి, మొదటిసారి చేసినదాన్ని సరిదిద్దడానికి చేశాను. రెండోదే పెద్ద ముంపు.

నా పేరు నూకాలమ్మ. సముద్రపొడ్డు మనిషిని. నలభై ఏళ్ళు ఎండుచేపల గంప మోసుకుని బస్సెక్కి, రాజాం మార్కెట్లో అమ్ముకున్నాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. అంతకుముందు బస్సులను రంగును బట్టి, మనుషులను నడకను బట్టి పోల్చుకునేదాన్ని. ఇప్పుడు చదువుతాను గానీ వేలు పెట్టి చదువుతాను. నా వేలు ఇంకాస్త వేగంగా నడిచే రకమైతే ఈ కథలో సగం జరిగేది కాదు.

మా కూతురి కూతురు జ్యోతి కంప్యూటరు చదువు చదివింది. దాని స్నేహితురాలు హేమ ఆడవాళ్ళ డాక్టరు. ఇద్దరూ కలిసి రాజాంలో ఒక స్టార్టప్ పెట్టారు. దానికి వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరు నా నోటికి ఎక్కదు, నేను పిల్లల ఆఫీసు అంటాను. బట్టల కొట్టు మీద రెండు గదులు, అంతే. నెలసరి బాధలు, తెల్లబట్ట, గర్భసంచి జారడం, ముట్లు ఆగిపోయాక ఒంట్లోంచి వచ్చే ఆవిర్లు, ఇలాంటి ఎవరికీ చెప్పుకోలేని సంగతులు ఆడవాళ్ళు ముందు ఫోన్లో డాక్టరుతో చెప్పుకోవచ్చు. చూడాల్సిన అవసరం ఉంటే మంగళవారం ఆ గదులకు రావచ్చు. మెట్ల దగ్గర బోర్డు కూడా పెట్టలేదు. ఎవరైనా చూసినా చీర కొనడానికి ఎక్కుతోంది అనుకోవాలని. అంత జాగ్రత్త.

జాగ్రత్త బాగానే ఉంది. మనుషులే రాలేదు.

"ఈ రోజుల్లో ఆన్‌లైన్లో కనబడాల అమ్మమ్మా. కనబడకపోతే లేనట్టే," అని జ్యోతి వీడియోలు తయారు చేసేది. గులాబి రంగు పువ్వులు, వెనకాల టింగుటింగుమని వాయిద్యం, పైన 'మీ ఆరోగ్యం మీ హక్కు' అని అక్షరాలు. నేను 'ఆరోగ్యం' దాకా వచ్చేసరికి పువ్వులూ అక్షరాలూ మాయమైపోయేవి.

"ఎంతమంది సూసినారే?" అని అడిగాను.

"పదకొండు మంది."

"అందులో మన సుట్టాలు?"

"తొమ్మిది మంది."

"మిగతా ఇద్దరూ ఎవులు?"

"నానూ, హేమా."

నాకు కడుపు మండిపోయింది. "గంప మీద గుడ్డ కప్పీసి కూకుని జనం రాలేదంటే ఎలగొస్తారే? గుడ్డ తియ్యాల. అరవాల."

"ఇవి సేపలు కావమ్మమ్మా."

"ఏదైతే ఏటి? జనం ఆగాల, ఇనాల, నమ్మాల. లే, ఆ కుర్సీ నాకియ్యి."

అలా కూర్చున్నాను ఆ కుర్చీలో. కూర్చుని గర్భసంచి జారడం గురించి చెప్పాను. "సుట్టకుదురు సడలితే నెత్తి మీద కుండ ఏటవుతాది? జారతాది. ఒంట్లో సంచిని ఎత్తిపట్టే కండలు కూడా అలాంటి సుట్టకుదురే. కాన్పైన వారానికే బిందెలు మోసినాం, గంపలు మోసినాం, ఇటికలు మోసినాం. అది సడలిపోనాది. జారిందంటే పాపం సేసినావని కాదమ్మా, మోసినావని." ఇంతే చెప్పాను. హేమ పక్కనుంచి విని, "మాకు కాలేజీలో దీన్ని రెండు రోజులు చెప్పారు పెద్దమ్మా," అంది.

ఆ వీడియో ఎటు పోయిందో ఏమో, పాతపట్నం నుంచి ఫోన్లు, శృంగవరపుకోట నుంచి ఫోన్లు. ఆ శృంగవరపుకోట నుంచే ఒకావిడ రెండుసార్లు ఫోన్ చేసి పెట్టేసిందట. మూడోసారి, "ఆ గంపల మామ్మ సెప్పిందే నాకూ ఉన్నాది," అని ఏడ్చిందట. మంగళవారాలు గదులు నిండిపోయాయి. ఇంతమంది ఆడవాళ్ళు మెట్లెక్కి దిగుతున్నా చీర ఒక్కటీ అమ్ముడు కాకపోవడం ఏమిటో కింద బట్టల కొట్టాయనకు అర్థం కాక, కొత్త డిజైన్లు తెప్పించాడు.

ఇక నా సంగతి. బస్సులో జనం నన్ను చూసి గుసగుసలాడుకుంటే కిటికీ వైపు ముఖం తిప్పుకుని, వినబడనట్టు వినేదాన్ని. పట్టుచీర కట్టిన గేదెలా నడిచేదాన్ని.

జ్యోతి ఒక్కటే షరతు పెట్టింది. "నీ ఇష్టమొచ్చినట్టు సెప్పు అమ్మమ్మా. పేరు మాత్రం సెప్పకు. ఎవులి పేరూ సెప్పకు."

సరేనని తల ఊపాను. ఊపింది తలే, నాలుక కాదు.

మా అమ్మకం ఎలాంటిదో మీకు చెప్పాలి. ఎండుచేప అమ్మేది ఎన్నడూ చేపను పొగడదు. పొగిడితే ఎవరు నమ్ముతారు? నిన్న ఎవరు కొన్నారో చెబుతుంది. "మేష్టారింట్లో కిలో తీసుకున్నారు, ఇయ్యాల మళ్ళీ రమ్మన్నారు," అనాలి. ఆ మాటతో మేష్టారి ఎదురింటివాళ్ళు కొంటారు, పక్కింటివాళ్ళు కొంటారు. ఎవరైనా మన చేప మీద వంక పెడితే మార్కెట్టంతా వినబడేట్టు సాక్షిని పిలవాలి. "ఒసే సిన్నమ్మీ, మొన్న నువ్వు కూరొండినావు కదే, రా, సెప్పు!" అనాలి. ఆవిడ ఎక్కడున్నా రావాలి, చెప్పాలి. రేపు ఆవిడ పిలిస్తే మనం పోవాలి. నలభై ఏళ్ళు నేను బతికింది ఆ పద్ధతి మీద. పేరు లేని మాట నా చెవికి ఉప్పు పట్టని చేప.

ఇక పోలమ్మ. నలభై ఏళ్ళూ మార్కెట్లో నా ఎడం పక్కన కూర్చున్న మనిషి. పక్క పల్లె. నేను నెత్తళ్ళు అమ్మితే తను కానాగంతలు అమ్మేది, నేను కానాగంతలు తెచ్చిన రోజు తను నాతో మాట్లాడేది కాదు. ఆ మనిషి కొన్నేళ్ళుగా బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడే వచ్చేది. అడిగితే, "కాళ్ళు పట్టేత్తాయి, నిలబడితేనే సుకం," అనేది. పిల్లల ఆఫీసు పెట్టాక నాకు అనుమానం వచ్చింది. నెల రోజులు వెంటపడి అడిగితే, చేపలు సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. గర్భసంచి జారి కిందికి వచ్చేసిందనీ, కూర్చుంటే ముల్లు మీద కూర్చున్నట్టు ఉంటుందనీ, గుడ్డలు కట్టుకుని తిరుగుతోందనీ.

హేమ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదని లోపల ఒక రింగు పెట్టింది. మూడు నెలలకోసారి వచ్చి దాన్ని తీయించుకుని, కడిగించి, లోపల చూపించుకుని మళ్ళీ పెట్టించుకోవాలి. అలా వదిలేస్తే పుండు పడుతుంది. ఇదొక్కటీ మరిచిపోవద్దని హేమ మూడుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రం బస్సులో పోలమ్మ సీట్లో కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూసి, "ఓలమ్మ! ఈ దారెంటా ఇన్ని తాటిసెట్లున్నాయేటే!" అంది. నిలబడి ప్రయాణం చేసేవాళ్ళకు ఎదుటివాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడవు.

దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "ఇది నీకూ నాకూ, ఆ డాక్టరమ్మకీ. నా కొడుక్కి తెల్దు, కోడలికి తెల్దు. ఇంకో మనిసికి తెలిసిందంటే నీ మొకం సూడను."

"నానెవులికి సెప్తానే?" అన్నాను.

ఎవరికి చెప్పానో ఇప్పుడు వినండి.

ఒక శనివారం మధ్యాహ్నం లైవ్ పెట్టారు. అంటే నేను మాట్లాడుతూ ఉంటే జనం అప్పటికప్పుడే చూస్తారు, కింద రాతలు రాస్తారు. జ్యోతి ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడింది. హేమ పక్క గదిలో కూర్చుని తన ఫోన్లో చూస్తోంది. అంతా బాగానే నడిచింది. ఇంతలో ఒక రాత వచ్చింది. వేలు పెట్టి చదివాను. 'అన్నీ అబద్ధాలు. ఒక్కరికైనా తగ్గిందా? తగ్గితే పేరు చెప్పండి.'

నా చేప కుళ్ళిందన్నాడు. అదీ నడిమార్కెట్లో.

"ఎవులికి తగ్గిందా?" అన్నాను, చీర కొంగు నడుముకు దోపుకుని. "ఎవులికి తగ్గిందనా అడుగుతున్నావు? మా పోలమ్మకి తగ్గినాది! ఏ పోలమ్మంటావా? రాజాం ఎండుసేపల మార్కెట్లో, ఉల్లిపాయల కొట్టు కెదురుగా, నా ఎడం పక్కన కూకుంటాది, ఆ పోలమ్మ! ఎన్నేళ్ళు బస్సులో నిలబడిపోనాదో ఆ కండక్టర్నడుగు!"

జ్యోతి ఎదురుగా చెయ్యి ఊపింది. ఈగను తోలుతోంది అనుకున్నాను. రెండు చేతులూ ఊపబోయి, ఒక చేతిలో ఫోను ఉండటంతో నేను అటూ ఇటూ ఊగిపోయాను, అనగా తెర మీద. ఇంకా గట్టిగా చెప్పమంటోంది అనుకున్నాను.

"సంచి జారి, గుడ్డలు కట్టుకు తిరిగింది! మా డాక్టరమ్మ రింగెట్టినాది! ఇప్పుడు రాణీలాగ సీట్లో కూకుంటాది! ఒసే పోలీ, సూస్తన్నావా? సెప్పవే ఈడికి!"

అప్పుడు ఇంకో రాత వచ్చింది. మళ్ళీ వేలు పెట్టాను. "నూకాలమ్మ... గారూ... పేర్లు..." అని పైకే చదువుతున్నాను, లోకమంతా వింటోంది. "చె... ప్ప... కండి." అది పక్క గదిలోంచి హేమ రాసింది. నేను ఫోను వైపు చూసి చెయ్యి ఊపి, "అబ్బే, పోలమ్మ ఏటీ అనుకోదు!" అన్నాను.

జ్యోతి ఫోను కట్టేసింది. కింద కొట్లో ఎవరో చీర బేరమాడుతున్న మాటలు పైకి వినబడుతున్నాయి.

"ఏటి సేసినావమ్మమ్మా?"

"ఏటి సేసినాను? ఆడి నోరు మూయించినాను. సాక్షిని పిలిసినాను."

"పోలమ్మామ్మని అమ్మీసినావు," అంది జ్యోతి. అరవలేదు. అరిచి ఉంటే ఎదురు అరిచేదాన్ని.

వాళ్ళు ఆ వీడియోను వెంటనే తీసేశారు. తీసేసేలోగానే ఎవరో ముక్క పట్టుకున్నారట, అది ఫోను నుంచి ఫోనుకు దూకుతోంది. ఆ సంగతి విన్న నేను ఏం చేయాలి? నోరు మూసుకుని పోలమ్మ ఇంటికి పోయి కాళ్ళు పట్టుకోవాలి. అది బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పని.

నేను మర్నాడు పొద్దున్నే మా పెరట్లో నిలబడి, నా ఫోన్లో, ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా ఇంకో వీడియో తీశాను. ఆఫీసు పేజీలో పెట్టడం జ్యోతి ఎప్పుడో నేర్పింది, ఏ బొత్తాం నొక్కాలో నాకు తెలుసు. అదే తెలియకపోయి ఉంటే ఎంత బాగుండేది!

"అందరికీ నమస్కారం," అన్నాను గంభీరంగా. "నిన్న నాను సెప్పిన పోలమ్మకి ఏ జబ్బూ లేదు. రాజాం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు కెదురుగా కూకునే పోలమ్మ నిక్షేపంలాగ ఉన్నాది. దాని గర్భసంచి ఎక్కడుండాలో అక్కడే ఉన్నాది. ఎవులూ ఏటీ అనుకోవద్దు. ఎవులైనా అడిగితే మీరూ ఇదే మాట సెప్పండి."

జనం చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, మొదటి వీడియో చూడనివాళ్ళు కూడా, ఏ పోలమ్మ, ఏ గర్భసంచి, ఎక్కడుండాలి, ఎక్కడుంది అని వెతుక్కుంటూ వచ్చి మరీ చూశారు. మధ్యాహ్నం బస్సెక్కితే కండక్టరు టికెట్టు చించి ఇస్తూ, గొంతు తగ్గించి, జాలిగా, "మీ పోలమ్మత్తకేటీ లేదటగా నూకాలమ్మత్తా. పోన్లే, మంచిదే," అన్నాడు. నేను తర్వాతి స్టాపులో దిగిపోయాను. అది నా స్టాపు కాదు. అక్కడ నాకు ఎవరూ లేరు.

మార్కెట్లో నా ఎడం పక్క ఖాళీ. మొదటి రోజు ఖాళీ. వారమంతా ఖాళీ. ఆ తర్వాత ఆ చోట ఎవరో కొబ్బరికాయలు పెట్టుకున్నారు.

పిల్లల ఆఫీసులో ఫోన్లు మోగడం మానేశాయి. రావాల్సినవాళ్ళు రాలేదు. జ్యోతి ఒక రోజు మా ఇంటికి వచ్చి, తన ఫోను నా చేతిలో పెట్టింది. శృంగవరపుకోట ఆవిడ రాసిన రాత. వేలు పెట్టి చదివాను. 'నా పేరు కూడా ఆ ముసలావిడకి తెలుసా?'

ఆరు మాటలు. చిన్న మాటలే. చివరి దాకా చదవడానికి నాకు చాలాసేపు పట్టింది.

"తెల్దని సెప్పు," అన్నాను.

"సెప్పినాను. నమ్మలేదు. కొన్నాళ్ళు ఆపీసుకి రాకు అమ్మమ్మా."

నా కడుపున పుట్టినదాని కడుపున పుట్టినది, నన్ను రావద్దంది. దాని తప్పేమీ లేదు.

ఆ తర్వాత హేమే స్వయంగా వచ్చింది. నీళ్ళు కూడా తాగకుండా చెప్పింది. "పెద్దమ్మా, పోలమ్మగారు రింగు తీయించుకోవాల్సిన రోజు దాటిపోయి పదహారు రోజులైంది. ఫోను ఎత్తడం లేదు. నేను ఇంటికి వెళ్తే ఊరంతా చూస్తుంది. పుండు పడితే రక్తం, చీము, చాలా అవస్థ. మీ మీద కోపం ఆవిడ ఒంటి మీద పడకూడదు. ఏం చేస్తారో తెలీదు, ఆవిడ మంగళవారం నా దగ్గరికి రావాలి."

పోయాను. నెత్తిన గంప లేకుండా పోలమ్మ గుమ్మం ముందు నిలబడటం అదే మొదటిసారి. తను అరుగు మీద కూర్చుని ఎండు నెత్తళ్ళకు తలలు తుంపుతోంది. సరిగా కూర్చోలేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. తల ఎత్తకుండానే నా అడుగు పోల్చుకుంది.

"వచ్చినావా? కెమెరా తెచ్చినావేటి?"

"తేలేదే."

"గొంతు తెచ్చినావు కదా. అది సాలు."

"పోలీ, తప్పయిపోనాది."

"ఏ తప్పు? మొదటిదా, రెండోదా?"

"రెండూ," అన్నాను.

"నా కొడుకు గంప అటకెక్కించీసినాడు," అంది, చేప తల ఒకటి తుంపి పక్కన వేస్తూ. "'ఇంకెక్కడికీ పోకు, జనం నవ్వుతన్నారు,' అన్నాడు. కోడలు నాకు వేరే సాప పరిసినాది. మనవడు, 'మామ్మా, సంచి అంటే ఏటి?' అంటన్నాడు. నువ్వు అమ్మినావు కదా, బేరం బాగా కుదిరిందా?"

"నన్ను కొట్టు. తిట్టు. డాక్టరమ్మ దగ్గరికి మాత్రం రా. పదార్రోజులు దాటిపోనాదట. లోపల పుండు పడతాదట."

"పడనీ."

"పోలీ!"

"ఆ మెట్లు నానెక్కితే ఏటంటారు? 'అదిగో పోలమ్మ, దాని సంచి ఎక్కడున్నాదో సూపించుకోడానికి పోతన్నాది,' అంటారు. నానెల్లను." అప్పుడు తల ఎత్తింది. "నీకేటీ లేదేటే నూకీ?"

"నాకేటున్నాది?"

"నువ్వు దగ్గొస్తే గోడకానుకుని కాళ్ళు మెలేసుకుంటావు. తుమ్మొస్తే ముక్కు పట్టీసుకుంటావు. గంప ఎత్తగానే ముందు సీర ఎనక సూసుకుంటావు. నాకు తెల్దనుకున్నావేటి?" ఆమె గొంతు పెరగలేదు. "బస్సు దిగినప్పుడల్లా నీ ఎనకాల నడిసినాను. నీ సీర మీద తడి ఎవులికీ కనబడకండా నా గంప అడ్డమెట్టి నడిసినాను. ఎన్నేళ్ళు? ఒక్కనాడు ఎవులికైనా సెప్పినానా? నీకైనా సెప్పినానా?"

నిజం. అన్నీ నిజం. పదిహేనేళ్ళుగా బస్సు దిగాక తను ఎప్పుడూ నా పక్కన నడవలేదు, వెనకే నడిచింది. కానాగంతల మీద అలిగిన రోజున కూడా వెనకే నడిచింది. నా నడక వేగం ఎక్కువ కాబట్టి తను వెనకబడుతోంది అనుకుని, లోపల్లోపల గర్వపడేదాన్ని.

నేను ఆ అరుగు మెట్టు మీద కూర్చున్నాను.

"నాదయితే అంత గట్టిగా సెప్పినావు," అంది పోలమ్మ. "నీది సెప్పు. ఆ డబ్బాలోనే సెప్పు. నీ పేరు సెప్పి, నీ ఊరు సెప్పి సెప్పు. అప్పుడు నానెల్తాను డాక్టరమ్మ దగ్గరికి."

ఊళ్ళో అందరి గర్భసంచుల గురించీ గొంతు చించుకున్నదాన్ని, నా సంగతి చెప్పడానికి ఒక్క మాట దొరక్క ఇంటికి వచ్చాను. ఇన్ని నెలలు ఆ కుర్చీలో కూర్చుని, చూపించుకోండి, దాచుకోకండి అని లోకానికి చెప్పి, పక్క గదిలో ఉన్న డాక్టరుకు నేను చూపించుకోలేదు. మందుల కొట్టు పెట్టుకుని జ్వరంతో మూలిగేదాన్ని ఏమంటారు? మీరు ఏమన్నా పడతాను.

మర్నాడే జ్యోతి దగ్గరికి పోయి చెప్పాను. జ్యోతి ఒప్పుకోలేదు. "ఎవులి చేతా బలవంతంగా సెప్పించకూడదమ్మమ్మా. అది నీకైనా సరే."

"ఎవులూ బలవంతం సెయ్యలేదే. నా నోరే కదా, నా ఇష్టం."

హేమ అడ్డుపడింది. "ముందు నాకు చెప్పండి పెద్దమ్మా. లోకానికి తర్వాత చెబుదురు గాని." పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి చూసింది. కండలు సడలాయంది, రోజూ చేయాల్సిన బిగింపులు నేర్పింది, మూడు నెలలు మానకుండా చెయ్యాలంది. పదిహేనేళ్ళుగా నేను మోస్తున్న రహస్యం టీ చల్లారేలోపు తేలిపోయింది.

మర్నాడు ఇక వీడియో. కుర్చీలో కూర్చున్నాను. జ్యోతి ఫోను పట్టుకుంది.

"కొంతమంది ఆడోళ్ళకి..." అని మొదలుపెట్టాను.

"ఎవులికి?" అంది జ్యోతి.

"మా ఊళ్ళో ఒకావిడకి..."

"అమ్మమ్మా."

"వయసు మీరిన వాళ్ళకి మామూలుగా..."

"మానేద్దామేటి అమ్మమ్మా? పరవాలేదు."

అప్పుడు కళ్ళు మూసుకుని చెప్పేశాను. "నా పేరు నూకాలమ్మ. నాకు దగ్గితే ఒంటేలు పడిపోతాది. తుమ్మితే పడిపోతాది. గంప ఎత్తితే పడిపోతాది. అన్నిటికన్నా నవ్వితే ఎక్కువ పడిపోతాది. అందుకని పదిహేనేళ్ళు నవ్వడం మానీసినాను. నూకాలమ్మ సాలా గంభీరమైన మనిసని మీరందరూ నాకు మర్యాద ఇచ్చినారు. అది గంభీరం కాదమ్మా, తడి. ఇన్నాళ్ళూ మీకు సెప్పినాను గానీ నాను సూపించుకోలేదు. నిన్ననే సూపించుకున్నాను. నాను ఒక మనిసి పేరు ఆవిడ్నడక్కండా బయటెట్టీసినాను. ఆవిడ పేరు మళ్ళీ సెప్పను. మీరూ సెప్పుకోకండి. సెప్పుకోవాలనిపిస్తే నా పేరు సెప్పుకోండి. నూకాలమ్మ. మర్చిపోకండి."

ఆ వీడియో పెట్టాక మూడు రోజులు ఇంట్లోంచి కదలలేదు. నాలుగో రోజు మార్కెట్టుకు పోతే ఎవరూ ఏమీ అనలేదు. ఉల్లిపాయల కొట్టామె మాత్రం వచ్చి, "అప్పా, ఆ బిగింపులు ఎన్నిసార్లు సెయ్యాలన్నాది?" అని అడిగి, నెత్తళ్ళు కొనకుండానే వెళ్ళిపోయింది.

మంగళవారం వచ్చింది. పొద్దున్నే ఆ మెట్ల మీద కూర్చున్నాను. బట్టల కొట్టాయన తలుపులు తీశాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఇంతమందిని ఎన్నడూ చూడలేదు. పోలమ్మ రాలేదు. పదకొండు గంటలైంది, రాలేదు. చివరికి పైకి పోయి ఒక మూల కూర్చున్నాను.

జ్యోతి తలుపు దగ్గర నిలబడి పేరు పిలిచింది. "నూకాలమ్మగారూ!"

నాకు చూపించుకునే రోజు ఇవాళ కాదే అనుకుంటూ లేచాను. నాతో పాటు ఇంకో ముగ్గురు లేచారు. నలుగురం ఒకరినొకరు చూసుకుని మళ్ళీ కూర్చున్నాం.

జ్యోతి చేతిలో కాగితాన్ని చూసింది. "నూకాలమ్మగారు, పాతపట్నం, పంతొమ్మిదేళ్ళు!" అంది. ఒక కాలేజీ పిల్ల, భుజాన బ్యాగు, తల వంచుకుని లోపలికి పోయింది. ఈ రోజుల్లో పంతొమ్మిదేళ్ళ పిల్లకు నూకాలమ్మని పేరు పెట్టే తల్లి ఎక్కడుంది? తర్వాత శృంగవరపుకోట నూకాలమ్మ పోయింది, చేతిలో బడి హాజరు పుస్తకం. ఆ తర్వాత ఎవరో పెద్దింటి నూకాలమ్మ, చెవులకు రవ్వల దుద్దులు.

"ఏటే ఇది?" అని జ్యోతి చెవిలో అడిగాను.

"పేజీలో పేరు రాయమంటే అందరూ నీ పేరే రాస్తన్నారు అమ్మమ్మా. ఆ గడి తీసేద్దునా అనుకుంటన్నాను."

"తియ్యకు. ఉండనీ," అన్నాను.

"నూకాలమ్మగారు, అరవై రెండేళ్ళు!" అని పిలిచింది జ్యోతి. గోడ పక్కన, కొంగు ముఖం మీదికి లాక్కుని, ఒక పక్కకు ఒరిగి కూర్చున్న మనిషి లేచింది. ఎప్పుడు వచ్చిందో, నేను చూడలేదు. ఆ నడక మాత్రం చూశాను. పదిహేనేళ్ళు నా వెనక నడిచిన నడక.

"పోలీ! నా పేరెట్టుకున్నావేటే?"

కొంగు పక్కకు తీసి నన్ను చూసింది. "నా పేరు నువ్వు వాడుకున్నావు కదా. ఇప్పుడు నీ పేరు నాను వాడుకుంటన్నాను. తప్పుకో, ఆలీసమైపోతన్నాది." లోపలికి పోయి తలుపు వేసుకుంది. హేమ చెప్పింది, పుండు అప్పుడే మొదలవుతోందట, మందు రాస్తే తగ్గిపోతుందట, ఇంకో పది రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదట.

పోలమ్మ నన్ను క్షమించిందా అంటే చెప్పలేను. కొడుకు చేత గంప దింపించుకుంది. మార్కెట్లో కొబ్బరికాయలవాణ్ణి లేపేసి తన చోట తను కూర్చుంది. నాతో మాట్లాడటం మాత్రం కానాగంతలు తెచ్చిన రోజులాగే ఉంది.

అందుచేత అందరూ వినండి. గంగమ్మ తల్లి మీద ఆన. బతికి ఉన్నంత కాలం ఇంకొకరి పేరు చెప్పి చేపను గానీ, మందును గానీ, మంచి మాటను గానీ అమ్మను. సాక్షి కావాల్సి వస్తే నన్ను నేనే పిలుచుకుంటాను, నేనే వస్తాను, నేనే చెబుతాను. నా పేరు మాత్రం మీది, కావలసినన్నాళ్ళు వాడుకోండి. ఆ కాగితాల ప్రకారం నాకు ఇప్పటికి ముట్లు ఆగిపోయాయి, మొదలూ అయ్యాయి, శృంగవరపుకోటలో ఆవిర్లు వస్తున్నాయి, రాజాంలో మూడో నెల. ఇంత బరువు మోస్తున్నదాన్ని కాబట్టి ఒక్కటే అడుగుతాను. పాతపట్నం నూకాలమ్మా, నువ్వు రెండోసారి రావాల్సిన రోజు దాటిపోయింది తల్లీ. నేను మందు సగంలో మానేశానని ఆ డాక్టరమ్మ నన్ను తిడుతోంది. బేగి రా.